గాలివాన మర్నాడు యారాలూ నేనూ

గాలివాన మా వాడ మీద పడేనాటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నాట్లు వేయడం, బర్రె పాలు పితకడం, అత్తకు ఏ వేళ కోపం వస్తుందో కనిపెట్టడం నేర్చుకున్నాను. వీటన్నిటికంటే బాగా నేర్చుకున్నది మా యారాలిని చూసి కుళ్ళుకోవడం.

యారాలంటే తోటికోడలు, మా బావ భార్య. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. బావ నా పెళ్ళికి ముందే, దొరల మీద పోరాడే సంఘంలో కలిసి అడవి పట్టాడు. నేను ఆయన ముఖం చూడనే లేదు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో వెళ్ళినవాడు, పోలీస్ యాక్షన్ అయి నైజాం సర్కారు పోయాక కూడా తిరిగి రాలేదు. యాక్షన్ తర్వాత, సంఘానికి జడిసి పారిపోయిన మా ఊరి దొర మళ్ళీ తన కోట లాంటి గడికి చేరాడు. ఊరి బయట మిల్ట్రీ క్యాంపు పెట్టారు. ఈసారి వాళ్ళు వెతికేది సంఘం వాళ్ళనే. అందుకని బావ అడవిలోనే ఉండిపోయాడు.

ఆయన లేకపోవడం వల్లే మా యారాలు ఆ వాడలో రాణిలా బతికింది, నా కళ్ళకు అలాగే కనిపించేది. ఆమె బావి దగ్గరికి వస్తే ముందున్నవాళ్ళు జరిగి చేద ఆమె చేతికిచ్చేవాళ్ళు. పాల మీద మీగడ అత్త ఆమెకే తీసి పెట్టేది. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆమె ముందు విప్పేవాళ్ళు, ఎందుకంటే వాడ ఆడవాళ్ళలో చదువు వచ్చింది ఆమె ఒక్కతెకే. నేను తర్వాత అక్షరాలు నేర్చుకున్నదీ, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నదీ ఆమె మీద కుళ్ళుతోనే. మా ఆయన పొద్దున లేచి నాగలి కట్టి పొద్దుగూకే దాకా దున్నేవాడు. తల్లికి కాళ్ళు నొప్పులంటే పసరు తెచ్చేవాడు. ఆయన గురించి ఒక్కరూ ఒక్క మంచి మాట అనేవాళ్ళు కాదు. ఇంట్లో ఏ మాట మొదలైనా పెద్దోడి దగ్గరికే పోయి ఆగేది. ఆ పెద్దోడి భార్య తలవంచుకుని వింటూ కూర్చునేది. ఆ తలవంచుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

యాక్షన్ మరుసటి ఏడు రోహిణి ఎండల్లో, ఒక మధ్యాహ్నం, పడమట ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. దుమ్ము లేచింది. ఆ వెనకే గాలి. అట్లాంటి గాలి మా అత్త కూడా పుట్టి ఎరగనన్నది. మా ఇంటి తాటికమ్మల కప్పు ఒకసారి పైకి లేచి, ఒక క్షణం ఆగి, మళ్ళీ కూర్చుంది. రెండోసారి లేచింది, మళ్ళీ కూర్చోలేదు. రాళ్ళవాన మొదలైంది. మా ఆయన దొడ్డిలో ఎడ్ల పలుపులు పట్టుకుని నిలబడ్డాడు. మేం ముగ్గురు ఆడవాళ్ళం బండి కిందికి దూరాం. అత్త ఒక చేత్తో యారాలి తల తన ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. ఆ చేత్తో బండి చక్రం పట్టుకుంది కానీ నన్ను పట్టుకోలేదు. చుట్టూ లోకం ఎగిరిపోతుంటే నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు గాలి తగ్గింది. తెల్లవారి చూస్తే పద్నాలుగిళ్ళ మా వాడలో కప్పు మిగిలిన ఇళ్ళు మూడు. వాడకు అడ్డంగా పెద్ద వేపచెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. బావి నిండా ఆకులు, కమ్మలు, చచ్చిన కాకులు. దేవుడి దయ, మనుషులెవరూ పోలేదు. రెండు మేకలు గోడ కింద పడ్డాయి.

మొదట ఎవరి ఇల్లు వాళ్ళు సర్దుకోబోయాం. పని ఒక్క అడుగు సాగలేదు. మా కమ్మలు పక్కింటి దొడ్లో ఉన్నాయి, పక్కింటి వాసాలు అవతలి గల్లీలో ఉన్నాయి, ఎవరి పెంకులు ఎవరి గోడల మీద విరిగాయో తెలియదు. అరుపులు మొదలయ్యాయి. అప్పుడు మా యారాలు పడిపోయిన వేప మొద్దు మీదికి ఎక్కి నిలబడింది.

"ఎవలయి వాళ్ళు ఏరుకుంట కూసుంటే వానలు పడేదాంక ఏరుతనే ఉంటం. ముందుగాల తొవ్వ, బాయి సాపు చేద్దాం. తర్వాత అందరం కలిసి చివరింటి కాడికెల్లి ఒక్కొక్క కప్పు ఏసుకుంట వద్దాం" అన్నది.

"అవ్, పిల్ల చెప్పింది నిజం" అన్నారు పెద్దవాళ్ళు.

నిజంగానే చెప్తున్నాను, తెల్లవారినప్పటి నుంచి నా మనసులో ఉన్న మాటా అదే. పక్కింటామెతో అన్నాను కూడా. ఆమె వినలేదు. అదే మాట యారాలి నోట్లోంచి వచ్చేసరికి వాడంతా కదిలింది.

పని పంచుకున్నారు. మా ఆయనకు బండి కట్టి పక్క ఊరు రావిర్యాల వెళ్ళి తాటి వాసాలు తెచ్చే పని పడింది. క్రైస్తవుల వాడ నుంచి బడి పంతులు ఒకాయన ఇద్దరు పట్టి కోసే పెద్ద రంపం భుజాన వేసుకుని వచ్చాడు. వాళ్ళ వాడవాళ్ళూ నలుగురు వచ్చారు. మగవాళ్ళు చెట్టు కోతకు దిగారు. పసివాళ్ళ తల్లులు ఒకే పొయ్యి మీద అందరికీ జొన్న గటక వండారు. మిగిలిన ఆడవాళ్ళం బురద ఎత్తాం. గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, ఊరి చివర గుంతలో పోసి రావడం. నడుములు విరిగాయి. అయినా ఆ రోజు వాడలో ఒక నవ్వు ఉండేది, పెళ్ళింట్లో పని చేస్తున్నట్టు.

కొట్టుకుపోయిన సామాన్లన్నీ ఏరి వేప మొద్దు పక్కన కుప్ప పోశారు. ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని ఎవరివి వాళ్ళు గుర్తుపట్టుకున్నాం. "గీ సొట్ట నాదే, మా మామ ఇసిరికొట్టిన నాడు పడ్డది" అని ఒకామె సర్వగిన్నెను ముద్దు పెట్టుకుంది. నా పుట్టింటి ఇత్తడి చెంబు యారాలి చేతిలో కనిపించింది.

"గది నాది" అన్నాను.

"ఎర్కనే చెల్లె, నీ కోసమే తుడుస్తున్న" అంటూ కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆమె తప్పు చేసి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! ఎప్పుడూ అట్లాంటి అవకాశం ఇచ్చేది కాదు.

ఆ పొద్దు ఆదిభట్ల నుంచి, రావిర్యాల నుంచి చుట్టాలు సాయానికి దిగుతూనే ఉన్నారు. అందుకని కొత్త ముఖం కనిపిస్తే ఎవరూ వింతగా చూడలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చేవేళ ఒక మనిషి తడి కమ్మల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు. సన్నగా, నల్లగా, గడ్డం పెరిగి ఉన్నాడు. తిన్నగా చివరింటికి, ముసలి మంత్రసాని ఇంటికి వెళ్ళి గోడ ఎక్కి కప్పు వేసే పనిలో కూర్చున్నాడు. నేను బురద గంపతో పోతూ వస్తూ చూశాను.

మూడో గంపకు పోతుంటే మా యారాలు అతనికి నీళ్ళు పోస్తోంది. అతను వంగి దోసిలి పట్టాడు. ఆమె చెంబు ఎత్తి పోస్తోంది. దోసిలి నిండి నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోతున్నా పోస్తూనే ఉంది. అతను తాగడం మానేసి ఆమె ముఖమే చూస్తున్నాడు. తర్వాత ఆమె కొంగులోంచి రొట్టె ముక్క, ఉల్లిగడ్డ తీసి అతని చేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. ఆమె నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

నా గుండెలో సంతోషం పొంగింది. దాన్ని దాచి లాభం లేదు, అది సంతోషమే. మీగడ తినే మహాతల్లి, మొగుడు అడవిలో ఉంటే ఇక్కడ ఎవరి చేతినో పట్టుకుంటోంది! గంప అక్కడే పడేసి బావి దగ్గరికి దాదాపు పరుగెత్తాను. అక్కడ అత్త, మంత్రసాని, ఇంకో నలుగురు ఆడవాళ్ళు బావిలోంచి చెత్త తోడుతున్నారు.

"చూసిన్రా మా అక్క సంగతి? గా కమ్మలోనితోటి ఇకఇకలు పకపకలు. నీళ్ళు పోసుడే పోసుడు. నేను నా కండ్లతోటి చూసిన, చెయ్యి గూడ పట్టుకున్నడు!"

చేద లాగే ఆమె లాగడం ఆపింది. ఒకామె భయంగా వాడ మొదటి వైపు చూసింది. మంత్రసాని మాత్రం, "నోర్ముయ్ పోరీ" అన్నది, చాలా మెల్లగా.

అత్త నా రెక్క పట్టి కప్పు లేని మా ఇంట్లోకి ఈడ్చుకుపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"వాడు నా కొడుకు. నీ బావ. గాలికి వాడ కూలిందని విని, మనం ఉన్నమో పోయినమో చూద్దామని వచ్చిండు" అన్నది.

"అందరికీ ఎర్కనా?" అని అడిగాను.

"వాన్ని పుట్టినకాడికెల్లి చూసినోళ్ళు. ఎర్క లేకుంటెట్ల?"

"నాకెందుకు చెప్పలే?"

అత్త నా వైపు చూడకుండా అన్నది: "నీ మేనమామ గడిల కావలి ఉండె. నువ్వు పుట్టింటికి పోతవ్, వస్తవ్. నీ నోరు ఎసుంటిదో మాకెర్కలే బిడ్డా. ఇప్పుడు నువ్వే చూపెట్టినవ్ గద."

వాడలో చిన్నపిల్లలతో సహా అందరికీ తెలుసు. వచ్చినప్పటి నుంచి అందరూ ఆ మనిషిని చూసీ చూడనట్టు తిరుగుతున్నారు. ఆ నవ్వు, ఆ పెళ్ళింటి సందడి అందుకే. నేనొక్కదాన్నే బురద మోస్తున్నాను. సిగ్గుపడాల్సింది. సిగ్గు కలగలేదు. కుళ్ళు ఇంకో మూర పెరిగింది. ఆమెకు మొగుడే కాదు, ఆ మొగుణ్ణి దాచిపెట్టే వాడ మొత్తం ఉంది. నాకేముంది?

ఏడుస్తూ బయటికి వచ్చేసరికి మిల్ట్రీ వాళ్ళు వచ్చారు. చెట్టు అడ్డం ఉండటంతో జీపు అవతలే ఆపి, మొద్దు దాటి ముగ్గురు జవాన్లు నడుచుకుంటూ వస్తున్నారు. వాళ్ళకు దారి చూపుతూ మా ఊరి సుంకరి, అంటే గ్రామ నౌకరు, ముందు నడుస్తున్నాడు. గాలివాన నష్టం చూడటానికని పైకి చెప్పారు. చూస్తున్నది మాత్రం మగవాళ్ళ ముఖాలు. ఒక్కొక్కరి దగ్గర ఆగి, నీ ఇల్లేది, నీ వాళ్ళెవరు అని అడుగుతున్నారు. సుంకరి వాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకూ చెప్తున్నాడు.

చివరింటికి వచ్చారు. మంత్రసాని గోడ మీద బావ వాసం పట్టుకుని కూర్చున్నాడు. దూకే వీలు లేదు. గోడ కింద గంపతో మా యారాలు. ఆమె ఎవరి భార్యో క్యాంపు వాళ్ళకు తెలుసు, అంతకుముందు రెండుసార్లు పిలిపించి అడిగారు. ఆమె నోరు విప్పితే ఇద్దరూ పోతారు. జవాను గోడ మీదికి వేలు చూపించాడు.

"యే కౌన్ హై?"

రంపం చప్పుడు ఆగిపోయింది. మంత్రసాని నోరు తెరిచి మూసుకుంది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను.

"మా ఆయన" అన్నాను.

ఎందుకన్నాను? ధైర్యమని తర్వాత చాలామంది అన్నారు. ధైర్యం కొంత ఉండవచ్చు. వాడలో అందరూ దాచిన మనిషిని నేను కూడా దాచగలనని చూపించాలనే పంతం అంతకంటే ఎక్కువ ఉంది. ఇంకో ముక్క కూడా ఉంది, చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఆమె సొత్తును ఆమె ముందే నాదని అనడంలో ఒక రుచి ఉంది.

జవాను నన్ను పైనుంచి కిందికి చూసి మొగుడి పేరు అడిగాడు. నేను తలవంచుకున్నాను. సుంకరి నా వైపు చూశాడు. అతనికి మా ఇంట్లో అందరూ తెలుసు. అతను దొర మనిషి కూడా.

"మా ఆడోళ్ళు మొగని పేరు చెప్పరు సర్కార్" అంటూ సుంకరి మా ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, మాకున్న ఎడ్ల సంగతి గడగడా చెప్పాడు. అతను ఆ రోజు ఎందుకలా చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ చేయలేదు.

జవాను ఇంకా కదలలేదు. నేను ముఖం పైకెత్తి గోడ మీది మనిషిని కసిరాను.

"గట్ల చూసుకుంట కూసున్నవేంది? గా మూల కమ్మ జారుతుంది, కట్టు. పొద్దటి సంది ఒక్క మూల కాలే!"

బావల ముందు మేం నిలబడేవాళ్ళం కూడా కాదు, తలుపు చాటుకు తప్పుకునేవాళ్ళం. అట్లాంటిది ఆయన్ను నిలబెట్టి తిట్టాను. ఆయన "ఆఁ... కడ్తున్న, కడ్తున్న" అంటూ తల వంచి తాడు లాగాడు. బావి దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. జవాన్లు నవ్వి ముందుకు నడిచారు.

అయితే వాళ్ళు వెళ్ళిపోలేదు. చెట్టు కోసేదాకా జీపు లోపలికి రాదని మొద్దు మీద కూర్చుని బీడీలు కాల్చారు. దాంతో ఆ మధ్యాహ్నమంతా ఆయన నా మొగుడిగా ఉండాల్సి వచ్చింది. గటక వేళ అయింది. నేనే గిన్నె తీసుకెళ్ళాను. ఆయన నా ముందు కూర్చుని తిన్నాడు, తల ఎత్తకుండా. నేను పచ్చిపులుసు పోశాను. పక్కనే ఆడవాళ్ళ వరసలో యారాలు కూర్చుంది. ఎన్నాళ్ళకో వచ్చిన మొగుడు పది మూరల దూరంలో కూర్చుని ఇంకొకతె చేతి తిండి తింటున్నాడు. ఆమె గటక ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళు నా చేతి మీద ఉన్నాయి. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏడాదిగా నేను ఆమెను చూసిన చూపే.

గెలిచాననుకున్నాను. ఇంకో ముద్ద వడ్డించాను కూడా, అక్కర లేకపోయినా. కానీ ఆయన ఆ ముద్దను గిన్నెలోనే అటూ ఇటూ తిప్పుతుండటం చూశాను. ఆ మనిషికి ఆకలి లేదు, ఆమె వైపు ఒక్కసారి చూడాలని ఉంది, చూడలేడు. ఆ తర్వాత వడ్డించలేకపోయాను.

ఈలోపు మా అసలు ఆయన బండితో వచ్చే వేళ అయింది. వస్తే ఒకే పేరుకు ఇద్దరు మొగుళ్ళవుతారు. అత్త కాళ్ళ నొప్పులు మరిచిపోయి రావిర్యాల తొవ్వ పట్టి పోయింది. చెరువు కట్ట అవతలే బండి ఆపి కొడుకును అక్కడే కూర్చోబెట్టింది.

పొద్దు వాలుతుండగా చెట్టు తెగింది. మొద్దులు పక్కకు దొర్లించాక జీపు ఒకసారి వాడంతా తిరిగి వెనక్కి పోయింది. అయినా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కుళ్ళిన కమ్మలు గుంతలో వేయడం ఒక్కటే మిగిలింది. పెద్ద మోపులు, ఒక్కో దానికి ఇద్దరు కావాలి. బావ ఒక కొన ఎత్తాడు. అటునుంచి అటే పోతాడని అందరికీ తెలుసు. రెండో కొన భార్యగా నేనే పట్టాలి. మొద్దు దగ్గర సుంకరి ఇంకా నిలబడే ఉన్నాడు, జీపు మళ్ళీ వస్తుందేమోనన్నట్టు తొవ్వ వైపే చూస్తూ.

నేను వంగాను. మళ్ళీ లేచి నడుము పట్టుకున్నాను.

"అక్కా, నా నడుము పట్టింది. జర నువ్వు పట్టు" అన్నాను.

యారాలు వచ్చి మోపు కొన ఎత్తింది. నా ముఖం చూడలేదు. ఇద్దరూ ఒకే మోపు కింద, ముందొకరు వెనకొకరు, ఊరి చివరికి నడిచి వెళ్ళారు. చాలాసేపటికి ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. పార తీసుకుని మళ్ళీ బురద ఎత్తడం మొదలుపెట్టింది.

మా ఆయన బండి తోలుకొచ్చి సంగతంతా విన్నాడు. అన్నను చూడలేకపోయినందుకు బాధపడ్డాడు. ఆ వెనకే నా మీద అలిగాడు. "కసిరినవట గద. నన్నెన్నడన్న గట్ల పది మందిల కసిరినవా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనకూ కుళ్ళేనని తెలిసి నాకు నవ్వొచ్చింది.

మృగశిర వానలు పడేలోగా కప్పు లేచిపోయిన పదకొండిళ్ళకూ కప్పులు పడ్డాయి. మా ఇల్లు పదకొండోది. యారాలు నాతో ఆ పది రోజులూ ముక్తసరిగా మాట్లాడింది. అత్త మాత్రం ఇద్దరికీ మీగడ పెట్టడం మొదలుపెట్టింది. చెరి సగం. ఆమె సగం నా సగంకంటే పెద్దదని నాకు రోజూ అనిపించేది.

బావ ఆ మరుసటి ఏడు పట్టుబడ్డాడు. సంఘం వాళ్ళు పోరాటం ఆపాక జైలు నుంచి వచ్చాడు. వచ్చినప్పుడు నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. ఆయన గడపలో నిలబడి, "ఏం మరదలా, మూల కమ్మ గట్టిగ కట్టిన్నా?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. యారాలు నవ్వలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, మా ఇద్దరి పిల్లలూ పెరిగాక, మిరప చేలో కలుపు తీస్తూ ఆమె ఉన్నట్టుండి అన్నది: "ఆ దినం నువ్వు ఆయనకు పచ్చిపులుసు పోస్తుంటే నిన్ను సంపాలనిపించిందే."

"నాకు నిన్ను చూస్తే రోజు అట్లనే అనిపిస్తుండె" అన్నాను.

ఆమె కొడవలి ఆపి నా వైపు చూసింది. "ఎందుకే? నాకేముండె? నీ మొగడు పొద్దూకితె ఇంటికొస్తుండె. నేను గోడకు మొకం పెట్టి పండుతుంటి."

ఇద్దరం చెరో సాలు పట్టి కలుపు తీసుకుంటూ ముందుకు పోయాం. ఆమె నాకంటే ముందే గట్టు చేరింది.